జగదాంబ దగ్గర దిగేవాళ్ళకి బోర్డుతో పనేంటి?

విశాఖపట్నంలో వీధుల పేర్ల మాట ఎత్తగానే రెండు రకాల మనుషులు లేస్తారు. ఒకళ్ళు "ఇంకా ఎన్నాళ్ళీ తెల్లదొరల పేర్లు, పీకి పారేయండి" అంటారు. రెండోవాళ్ళు ఓ పాత బ్లాక్ అండ్ వైట్ ఫోటో పెట్టి "ఆ రోజుల్లో మన వాల్తేరు ఎంత ప్రశాంతంగా ఉండేదో" అని నిట్టూరుస్తారు. ఎవరికి ప్రశాంతంగా ఉండేదో మాత్రం చెప్పరు. నాకు ఇద్దరితోనూ పేచీయే. ఎందుకంటే ఆ వీధిలో ఈ రోజు కాపురం ఉంటున్నవాళ్ళని ఇద్దరూ ఒక్క ముక్క అడగరు. పేర్ల చరిత్ర చెప్పాలంటే ఆ పేరు పలికే వీధిలోనే చెప్పాలి, అక్కడివాళ్ళు మధ్యలో అడ్డుపడి "అది కాదు" అనగలిగేలా చెప్పాలి. నేను చూసినంతలో ఆ సదుపాయం ఉన్నది వీధినాటకానికే.

నేను తిరుగుతున్న బృందానికి పేరు లేదు (పేర్ల మీద నాటకం వేస్తూ మనకి మనం ఓ పేరు పెట్టుకోలేకపోయాం అని మాలో మాకే జోకులు). ఆంధ్రా యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ చదివినవాళ్ళున్నారు, పోర్టులో రిటైరైన ఓ పెద్దాయన ఉన్నారు, డప్పు కొట్టే అన్నదమ్ములున్నారు, ట్యూషన్లు చెప్పుకునే ఒకావిడ ఉన్నారు. నేను నటించను. పాత గెజిటీర్లూ మ్యాపులూ తిరగేసి కాగితాలు అందించడం నా పని. ఆదివారం పొద్దున్న ఎండ ముదరకముందే వన్‌టౌన్‌లో, అంటే పాతూళ్ళో, మొదలుపెడతారు. స్టేజీ లేదు, మైకు లేదు. ఒక వీధిలో ఒక ముక్క ఆడి, డప్పు కొట్టుకుంటూ పక్క వీధికి నడుస్తారు, జనం వెనకాల వస్తారు, కొందరు మధ్యలో ఇడ్లీ బండి దగ్గర ఆగిపోతారు, వాళ్ళ చోట్లోకి ఇంకెవరో చేరతారు. ఇదేమీ కొత్తగా కనిపెట్టింది కాదు. పగటివేషాలవాళ్ళు ఇంటింటి ముందూ ఆడింది ఇలాగే. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి కూడా జనం టిక్కెట్టు కొని రావాలని కూర్చోలేదు, తనే బుర్రకథతో, పాటతో జనం ఉన్న చోటికి పోయింది.

కోటవీధిలో కోట లేదు. ఈస్టిండియా కంపెనీ 1682లో ఇక్కడ వర్తక స్థావరం పెట్టింది, తర్వాత దాని చుట్టూ గోడలు కట్టుకుంది. గోడలు ఎప్పుడో పోయాయి గానీ వీధికి పేరు మిగిలింది. నాటకంలో గోడ అంటే భుజాలు కలిపి నిలబడ్డ మనుషులే. ఆ మనుషుల గోడకి ఇటు పక్క సిపాయిలు, అటు పక్క దొరలు. 1780 అక్టోబరు 3. మద్రాసు వైపు హైదర్ అలీతో యుద్ధం నడుస్తోంది, ఇక్కడి సిపాయిల్ని ఓడెక్కించి పంపమని హుకుం వచ్చింది. సిపాయిలు ఎక్కం అన్నారు. అనడంతో ఆగలేదు, తుపాకులు అధికారుల మీదకే తిరిగాయి, కొందరు దొరలు అక్కడికక్కడే పడిపోయారు. సిపాయిల తిరుగుబాటు అనగానే బడిలో మనం బట్టీ పట్టింది 1857. దానికి 77 ఏళ్ళ ముందు మన పాతూళ్ళో, ఈ సముద్రం పక్కనే ఇదంతా జరిగిందని చెబితే ఆ వీధిలో పుట్టి పెరిగినవాళ్ళు కూడా నిజమా అని అడుగుతారు.

సోల్జర్‌పేట ఉంది. దండుబజారు ఉంది. అంటే ఇక్కడ సైన్యం మకాం ఉండేదని పేర్లు ఒప్పుకుంటున్నాయి. ఆ సైన్యం ఎదురు తిరిగిందని చెప్పే పేరు మాత్రం నేను తిరిగిన వీధుల్లో ఒక్క గోడ మీదా కనపడలేదు. ఇలాంటి ఖాళీని చూపించడానికి నాటకం కంటే మంచి సాధనం లేదని నా వాదన. వ్యాసంలో "ఫలానా సంగతి మరుగున పడింది" అని రాస్తే చదివి పక్కన పెట్టేస్తారు. అదే వీధి మధ్యలో ఒకడు తుపాకీ పట్టుకున్నట్టు నిలబడి "ఎక్కను" అని అరిచాక, ఆ అరుపుకి ఓ మేడ మీది కిటికీ తెరుచుకుని "ఏటి గొడవ?" అని ఎవరో అడిగాక, చరిత్ర ఎవరి గుమ్మం ముందుకొచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

అక్కణ్ణుంచి బురుజుపేట. ఇక్కడ నాకు ఎక్కువసేపు ఆగాలని ఉంటుంది. పేరులోనే బురుజుంది, కోటకి కాపలా కాసే బురుజు. అది ఇప్పుడు లేదు. ఉన్నది కనకమహాలక్ష్మి అమ్మవారు, నెత్తిన కప్పు లేకుండా ఎండకీ వానకీ అలాగే ఉంటుంది. మార్గశిర గురువారాల్లో ఆ సందుల్లో కాలు పెట్టే చోటుండదు. అమ్మవారి గురించి ఊళ్ళో అందరూ చెప్పుకునే కథ ఒకటుంది. 1917లో రోడ్డు వెడల్పు చేయడానికి మున్సిపాలిటీవాళ్ళు విగ్రహాన్ని పక్కకి జరిపారట, ఊరిని ప్లేగు పట్టుకుందట, భయపడి మళ్ళీ పాత చోటే పెడితే తగ్గిందట. ఈ కథని మావాళ్ళు హాస్యంగా మలిచారు. చేతిలో టేపు, చంకలో ఫైలుతో మున్సిపాలిటీ ఇంజనీరొస్తాడు, అమ్మవారి ముందు నిలబడి "పర్మిషన్ ఉందా?" అని అడుగుతాడు. జనం పగలబడి నవ్వుతారు.

ఒక ఆదివారం ఆ నవ్వుల మధ్యలోంచి పూలమ్ముకునే ముసలావిడ లేచి నిలబడింది. "ఏటి బాబూ అలగ సెప్తన్నావు? అమ్మోరిని ఆళ్ళు తియ్యలేదు. తియ్యబోతే రాలేదు" అంది. ఇంజనీరు వేషం వేసిన కుర్రాడు ఒక్క క్షణం బిక్కమొహం వేసి, తర్వాత తెలివిగా ఆవిణ్ణే అడిగాడు, "మరేటి సేసేరమ్మా ఆళ్ళు?" ఆవిడ చెప్పింది. చాలాసేపే చెప్పింది. ఆ రోజు నుంచి ఆ ముక్కలో రెండు ముగింపులున్నాయి, ఇంజనీరు రెండూ ఆడతాడు, మీ ఇంట్లో ఏది చెబుతారో చేతులెత్తమంటాడు. ఏది నిజం అని నన్ను అడగొద్దు. రోడ్డా, గుడా అన్న తగాదాలో ఊరు ఎటు నిలబడాలనుకుందో రెండు కథలూ చెబుతున్నాయి, నాకది చాలు. ఇదే సంగతి హెరిటేజ్ వాక్‌లో అయితే గైడు ఒక ముగింపే చెప్పి ముందుకి సాగిపోయేవాడు, పూలమ్ముకునే ఆ ముసలావిడ నోరు తెరిచే సందర్భమే వచ్చేది కాదు.

హెరిటేజ్ వాక్‌లంటే నాకు చిరాకేం లేదు, నేనూ వెళ్ళాను. కానీ వాటి దారి ఎప్పుడూ ఒకటే. కురుపాం రాజావారు ఇచ్చిన విక్టోరియా రాణి విగ్రహం, బొబ్బిలి రాజావారి డబ్బుతో కట్టిన టౌన్‌హాలు, టర్నర్ సత్రం, మహారాణిపేట, జైపూర్‌వారి హవామహల్. కట్టించినవాళ్ళ పేర్లన్నీ వరసగా వస్తాయి. ఆ రాళ్ళు మోసినవాళ్ళు, ఓడల్లోంచి బస్తాలు దింపినవాళ్ళు, వీధులు ఊడ్చినవాళ్ళు ఏ పేటలో ఉండేవారో ఆ దారిలో తగలదు.

ఇక మార్పు కోరేవాళ్ళ సంగతి. 1987లో వాల్తేరు రైల్వే స్టేషను విశాఖపట్నం స్టేషనయింది. అది సబబే, ఊరి పేరు స్టేషన్‌కి ఉండాలి. కానీ డివిజన్ పేరు వాల్తేరుగానే మిగిలింది. 2025 ఫిబ్రవరిలో కేంద్ర కేబినెట్ దాన్ని కూడా విశాఖపట్నం డివిజన్‌గా మారుస్తూ, వాల్తేరన్నది వలస పాలన నాటి పేరు కాబట్టి మార్చాలంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. పెదవాల్తేరు, చినవాల్తేరు ఇక్కడి ఊళ్ళు. కరకచెట్టు పోలమాంబ జాతర చేసుకునే పెదవాల్తేరువాళ్ళకి ఈ పేరు ఏ ఇంగ్లండ్ నుంచి వచ్చిందంటారు? దొరలు చేసిందల్లా తమ నోటికి తగ్గట్టు స్పెల్లింగ్ రాసుకోవడం, ఆ మిట్ట మీద బంగళాలు కట్టుకోవడం. దానికి ఊరినే దొర చేసేస్తే ఎలా? ఇంకో పక్క 1923లో మొదలైన కింగ్ జార్జ్ హాస్పిటల్ పేరులో ఏకంగా బ్రిటిష్ రాజే ఉన్నాడు, కానీ ఉత్తరాంధ్ర పేద రోగులకి అది "కేజీహెచ్" మాత్రమే, ఆ అక్షరాల వెనక ఏ జార్జూ లేడు. పార్టీలు చేసే మార్పుల గురించయితే మాట్లాడ్డమే దండగ. విజయవాడ హెల్త్ యూనివర్సిటీకి 1998లో ఎన్టీఆర్ పేరు పెట్టారు, 2022లో వైఎస్సార్ పేరుకి మార్చారు, 2024లో మళ్ళీ ఎన్టీఆర్ పేరే వచ్చింది. పాపం సర్టిఫికెట్లు పట్టుకుని తిరిగే పిల్లలు ఏమనుకున్నారో.

ఈ వాల్తేరు ముక్క మా నాటకంలో అన్నిటికంటే చిన్నది, అన్నిటికంటే పేలేది. ఒక టీటీ వచ్చి వాల్తేరు అనే ముసలాయన్ని "మీ పాస్‌పోర్టు చూపించండి" అంటాడు. ఆయన జేబులోంచి రేషన్ కార్డు తీస్తాడు.

అసలు ఈ ఊళ్ళో పేర్లు నిలిచే పద్ధతి వేరు. ప్రభుత్వం పెట్టిన పేర్లు బోర్డెక్కి అక్కడే ఉండిపోతాయి. కండక్టరు అరిచిన పేర్లు, ఆటోవాడు అడిగిన పేర్లు నిలుస్తాయి. జగదాంబ అంటే సినిమా హాలు, కానీ ఇవాళ జగదాంబలో దిగేవాళ్ళలో ఎంతమంది సినిమాకి వెళ్తున్నారు? రామా టాకీస్, పూర్ణా మార్కెట్ అన్నీ అదే బాపతు. ఎన్‌ఏడీ కొత్త రోడ్డు ఎంత పాతబడినా కొత్త రోడ్డే. ఎంవీపీ కాలనీలో ఉండేవాళ్ళ పిల్లలకి ఆ మూడక్షరాల్లో మువ్వలవానిపాలెం అనే పల్లె ఉందని తెలీదు, తెలిసినా నమ్మరు.

సింధియా సంగతి వీటన్నిటికంటే గమ్మత్తు. బయటి ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు గ్వాలియర్ మహారాజుకి ఇక్కడేం పని అంటారు. పని ఉంది. 1919లో గ్వాలియర్ సింధియా దగ్గర కొన్న ఓడతోనే సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ మొదలైంది, ఆ కంపెనీకి ఆ పేరు అలా వచ్చింది. బ్రిటిష్ ఓడల కంపెనీలతో పోటీకి దిగిన స్వదేశీ కంపెనీ అది. దాని తరఫున వాల్‌చంద్ హీరాచంద్ విశాఖలో ఓడల కార్ఖానా పెట్టాడు, 1941 జూన్‌లో రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. మరుసటి ఏడాది ఏప్రిల్ 6న జపాన్ విమానాలు వచ్చి హార్బరు మీద బాంబులేశాయి, ఊరు సగానికి సగం ఖాళీ అయింది. అయినా 1948లో ఇక్కడ కట్టిన 'జల ఉష'ని నెహ్రూ నీళ్ళలోకి దింపారు. తర్వాత కంపెనీ చేతులు మారి హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయింది. సింధియా కంపెనీ పోయింది, ఓడ పోయింది, బస్టాపు పేరు మాత్రం సింధియాయే. ఒక రాజు, ఒక స్వదేశీ వ్యాపారి, ఒక యుద్ధం, ఒక ప్రభుత్వరంగ సంస్థ అంతా కలిసి ఆ మూడక్షరాల్లో ఇరుక్కున్నాయి. దాన్ని ఏ కౌన్సిలూ తీర్మానం చేసి నిలబెట్టలేదు. షిఫ్టుకి లేటవుతున్న కార్మికులు బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ నిలబెట్టారు.

వీధిలో ఆడాలంటే పోలీసు పర్మిషన్ కావాలి కదా, ఒకసారి దరఖాస్తులో బోర్డు మీదున్న అధికారిక పేరు రాసి పట్టుకెళ్ళాం. రాసుకునేవాయన రెండుసార్లు చదివి "ఎక్కడండీ ఇది?" అన్నారు. ఫలానా టాకీసు వెనక సందు అన్నాం. "అలా రాయొచ్చు కదా" అని కొట్టేసి ఆయనే సరిచేశారు. ఆ కాగితం ఇప్పుడు మా నాటకంలో ఒక సామాను.

ఇంతవరకూ చదివి, జనం పిలిచే పేర్లన్నీ బంగారం, వాటిని ముట్టుకోకూడదు అని నేను అంటున్నాననుకుంటే కాస్త ఆగండి. రెల్లివీధి ఉంది. జాలారిపేట ఉంది. పేరు వినగానే కులం తెలిసిపోయే వీధులు ప్రతి ఊళ్ళోనూ ఉన్నట్టే ఇక్కడా ఉన్నాయి. తరాలుగా ఊరిని శుభ్రం చేసినవాళ్ళ వీధి పేరు చెప్పగానే ఉద్యోగం ఇంటర్వ్యూలో ఎదుటివాడి మొహం మారుతుంది. మహారాష్ట్ర ప్రభుత్వం 2020లో ఇలాంటి కులం పేర్ల వాడలకి పేర్లు మార్చాలని నిర్ణయించింది. ఇక్కడ కూడా మార్చాలా? దీని మీద బృందంలో మేం చొక్కాలు పట్టుకున్నంత పని చేశాం. మార్చాలన్నవాళ్ళలో ఎక్కువమందికి తమ వీధి పేరు వల్ల ఎప్పుడూ నష్టం జరగలేదు, వద్దన్నవాళ్ళకీ అంతే. చివరికి ముక్క రాయకుండా, ప్రశ్న మాత్రం పట్టుకుని అక్కడికే వెళ్ళి ఆడారు. ఒక అమ్మాయి అడ్రస్ కాలమ్ నింపుతూ పెన్ను ఆపుతుంది, అంతే, ఆట ఆగిపోతుంది, ఏం రాయాలో చూస్తున్నవాళ్ళే చెప్పాలి.

చెప్పారు. డిగ్రీ చదివే కుర్రాడు "మార్చండి, నా పిల్లలు ఈ పేరు రాయక్కర్లేదు" అన్నాడు. వాళ్ళ బాబాయి వరస ఆయన ఒప్పుకోలేదు. "పేరు మార్చేసి, కాలవ అలాగే వదిలేత్తారు. అప్పుడు మేం ఏ వీధోళ్ళమో కూడా ఎవుడికీ తెలీదు, అడిగే హక్కూ పోద్ది" అన్నాడు. నాకు ఈ రెండో మాట ఇప్పటికీ మింగుడుపడదు, ఎందుకంటే నేను మొదటివాడి పక్షం. వివక్ష వాసన వేసే పేరు పోవాల్సిందేనని నా అభిప్రాయం. కానీ నిర్ణయం నాది కాదు, జీవీఎంసీది (మన నగరపాలక సంస్థది) కూడా కాకూడదు, వాళ్ళిద్దరిదీ. వాళ్ళిద్దరూ ఒకరి ఎదురుగా ఒకరు నిలబడి ఇలా వాదించుకునే చోటు కౌన్సిల్ హాల్లో ఉందా? అక్కడ తీర్మానం చదువుతారు, బల్లలు చరుస్తారు, భోజనానికి వెళ్తారు.

నాటకం చరిత్రని పలచన చేస్తుందని ఒక మిత్రుడు, చరిత్ర పాఠాలు చెప్పేవాడే, నా మీద కోప్పడ్డాడు. 1780 సిపాయిల మనసులో ఏముందో మీకేం తెలుసు, జీతాలా, సముద్రం మీద భయమా, ఇంటి బెంగా, మీరు దాన్ని స్వాతంత్ర్య పోరాటం చేసేశారు అని. సగం నిజమే, వేషం వేసినవాడు గొంతు పెంచితే సందేహాలు వినపడవు. అందుకే ఆ ముక్కలో సిపాయి "ఎక్కను" అంటాడే తప్ప ఎందుకో చెప్పడు. చూసినవాళ్ళు తలో కారణం చెబుతారు. వలస కూలికి దుబాయ్ వెళ్ళొచ్చిన ఒకాయన "ఓడెక్కితే తిరిగొస్తామో లేదో అని అయ్యుంటది" అన్నాడు. మా మిత్రుడి పుస్తకాల్లో అంతకంటే మంచి ఊహ ఉంటే చూపించమనండి.

పైగా వీధిలో ఆడటం అంత అమాయకమైన పనీ కాదు. వీధినాటకాలు ఆడిన సఫ్దర్ హష్మీ మీద 1989 జనవరి 1న దాడి జరిగింది ఢిల్లీ శివార్లలోని ఝండాపూర్‌లో, కార్మికుల మధ్య నాటకం ఆడుతుండగానే. మర్నాడు చనిపోయాడు. జనవరి 4న ఆయన భార్య మలయశ్రీ, బృందం అదే చోటికి వెళ్ళి ఆగిపోయిన నాటకాన్ని పూర్తి చేశారు. ఇప్పుడు ఢిల్లీలో మండీ హౌస్ దగ్గర ఒక రోడ్డు పేరు సఫ్దర్ హష్మీ మార్గ్. ఆ రోడ్డు మీద నడిచేవాళ్ళకి ఝండాపూర్ సంగతి ఎవరు చెబుతారు అన్నది నా అనుమానం. బోర్డు ఆ పని చేయదు.

అందుకని నాదో డిమాండ్, నవ్వినా ఫర్లేదు. ఊళ్ళో ఏ వీధి పేరు మార్చాలన్నా తీర్మానానికి ముందు ఆ వీధిలో ఒక ఆట ఆడించండి. పాత పేరు ఎలా వచ్చింది, కొత్త పేరు ఎవరు అడుగుతున్నారు, ఎందుకు అడుగుతున్నారు, ఇవి ఆ వీధివాళ్ళ ముందు ఆడాలి. వాళ్ళు అడ్డుపడితే అడ్డుపడనివ్వాలి. మార్చొద్దని తేలితే మానేయాలి. దీనికయ్యే ఖర్చు ఆవిష్కరణ ఫలకం మీద పట్టు పరదా ఖర్చంత ఉండదు.

ప్రస్తుతం మా తగాదా గంగవరం మీద. ఒక పల్లె పేరు పెద్ద పోర్టుకి వెళ్ళింది. ఆ పోర్టు కోసమే గంగవరం, దిబ్బపాలెం మత్స్యకారులకి సముద్రంలోకి దిగే దారి పోయింది. పేరు మిగిలి మనుషులు జరిగిన చోటు ఇది, పాతూళ్ళో ఆడినదానికి సరిగ్గా తిరగేసిన కథ. స్టీల్ ప్లాంటుకి భూములిచ్చిన పల్లెలదీ ఇలాంటిదే. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని 1966లో రాష్ట్రమంతా లేచింది, కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ప్లాంటు వచ్చింది, నిర్వాసితులకిచ్చిన ఆర్ కార్డుల మీద మిగిలిన ఊళ్ళ పేర్ల గురించి మాత్రం ఊళ్ళో ఎవరూ మాట్లాడరు. గంగవరం ముక్క మేమే రాసి, మేమే ఆడేద్దామని బృందంలో సగం మంది అంటున్నారు. నేను ఒప్పుకోవడం లేదు. వన్‌టౌన్‌లో మేం ఆడొచ్చు, అక్కడి కోట పోయి చాలా కాలమైంది, దాని తరఫున మాట్లాడేవాడు లేడు. దిబ్బపాలెంవాళ్ళు బతికే ఉన్నారు. పునరావాస కాలనీలో ఇళ్ళ ముందు వలలు కుట్టుకుంటూ కనిపిస్తారు. వాళ్ళు వేషం కడితే మేం డప్పు కొడదాం, కట్టమంటే కడదాం, వద్దంటే వెనక్కొచ్చేద్దాం. వచ్చే ఆదివారం అటు వెళ్ళి అడుగుతున్నాం.